భూటాన్‌కు ఇద్దరమే వెళ్లివచ్చాం: అందరూ అడుగుతున్న ప్రశ్నలు, మా జవాబులు

నల్గొండలో ఉదయ సముద్రం కట్ట మీద పొద్దున్నే నడిచేవాళ్లలో సగం మందికి మేం భూటాన్ వెళ్లివచ్చిన సంగతి తెలుసు. మిగతా సగం మందికి వాళ్లు చెప్పారు. నిరుడు దసరా వెళ్లిన వారానికి బయలుదేరాం. తిరిగి వచ్చిన రోజు నుంచి ఇవే ప్రశ్నలు. నేను సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైన టీచర్‌ను. ఒకే జవాబు నలభైసార్లు చెప్పడం నాకు కొత్త కాదు, కానీ ఇప్పుడు దానికి జీతం రావడం లేదు. అందుకే రాసిపెడుతున్నాను.

ఇన్ని దేశాలుండగా భూటానే ఎందుకు?

మావారు నాగార్జునసాగర్ విద్యుత్ కేంద్రంలో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకు నీళ్లు ఎత్తు నుంచి పడే చోటు చూడాలని కోరిక. నాకేమో పాఠంలో పటం మీద వేలు పెట్టి చూపించిన హిమాలయాలను ఒక్కసారి కళ్లతో చూడాలని. పిల్లలు సింగపూర్ అన్నారు. అక్కడ పెద్ద భవనాలు తప్ప ఏముంటాయని ఆయన, ఎండ అక్కడా తప్పదని నేను. పెళ్లయ్యాక మేమిద్దరం ఒక విషయంలో ఒకే మాట అనడం అరుదు కాబట్టి ఆ ఊపులోనే టిక్కెట్లు తీశాం. ముప్పై అయిదేళ్లలో పిల్లలు, అత్తమామలు, తోటికోడళ్లు ఎవరూ వెంట లేకుండా ఇద్దరమే వెళ్లిన మొదటి ప్రయాణం ఇది.

పాస్‌పోర్టు లేకపోయినా వెళ్లవచ్చా?

వెళ్లవచ్చు. భారతీయులకు వీసా అక్కర్లేదు, ప్రవేశ అనుమతి పత్రం చాలు. దానికి కనీసం ఆరు నెలల గడువున్న పాస్‌పోర్టుగానీ ఓటరు గుర్తింపు కార్డుగానీ చూపాలి. ఆధార్ కార్డు పనికిరాదు. ఈ ముక్క రెండుసార్లు చదవండి. మాకు తెలిసిన ఒక జంటకు ఒక ఏజెంటు ‘ఆధార్ ఉంటే చాలు’ అని చెప్పి పంపాడు. వాళ్లు సరిహద్దు దాకా వెళ్లి, ఇవతలి ఊరు జైగావ్‌లో రెండు రోజులు మోమోలు తిని తిరిగొచ్చారు.

ఓటరు కార్డుతో వెళ్లేవాళ్లు ఇంటిపేరు సంగతి ముందే చూసుకోండి. మనవాళ్లకు ఒక కార్డులో ఇంటిపేరు పూర్తిగా, ఇంకో కార్డులో ఒక్క అక్షరమే ఉంటుంది. టిక్కెట్టు, హోటలు, అనుమతి పత్రం అన్నీ ఒకే కార్డులో ఉన్న పేరుతోనే తీయండి.

రోజుకు 1200 రూపాయలు కట్టాలట, నిజమేనా?

నిజమే. దాన్ని సుస్థిర అభివృద్ధి రుసుము అంటారు. కోవిడ్ తర్వాత 2022 సెప్టెంబరులో దేశాన్ని మళ్లీ తెరిచినప్పటి నుంచి భారతీయులకు మనిషికి, రాత్రికి 1200. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు అందులో సగం, అంతకన్నా చిన్నవాళ్లకు ఏమీ లేదు. ఇతర దేశాలవాళ్లు వంద డాలర్లు కడతారు. మేం ఆరు రాత్రులు ఉన్నాం, అంటే ఇద్దరికీ 14,400. హోటలు, కారు, గైడు, గుళ్ల టిక్కెట్లు దీనిమీద అదనం.

మొదట మావారు గొణిగారు: ‘గాలి పీల్చినందుకు కూడా పన్నా?’ రెండో రోజుకు ఆ గొణుగుడు ఆగింది. అడవి తగ్గకుండా చూడడం అక్కడ రాజ్యాంగంలో రాసుకున్న నియమం. భూమిలో కనీసం 60 శాతం అడవిగానే ఉండాలి. కొండ మీద కొండ, చెట్టు మీద చెట్టు చూస్తూ పోతుంటే ఆ డబ్బు ఎక్కడికి పోతోందో కొంత అర్థమవుతుంది. ఇంటి గడప దాటి మళ్లీ ఇంటికి చేరేదాకా ఇద్దరికీ కలిపి లక్షన్నర లోపే అయింది. ఇంతకంటే తక్కువలో వెళ్లివచ్చామని చెప్పేవాళ్లుంటారు, వాళ్ల మోకాళ్లు మా మోకాళ్లకంటే వయసులో చిన్నవి.

నల్గొండ నుంచి ఎలా వెళ్లాలి?

హైదరాబాద్ వెళ్లకుండానే వెళ్లవచ్చు. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ నల్గొండలో, మిర్యాలగూడలో ఆగుతుంది. అదెక్కితే మర్నాడు హౌరా. అక్కడ టాక్సీలో సియాల్దా స్టేషన్‌కు వెళ్లి, రాత్రి కాంచన్ కన్యా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే, తెల్లారాక కిటికీలోంచి తేయాకు తోటలు చూసుకుంటూ హాసీమారాలో దిగవచ్చు. అక్కడి నుంచి జైగావ్ ఇరవై కిలోమీటర్ల లోపే. జైగావ్ మనది, గోడ అవతల ఫుంట్‌షోలింగ్ వాళ్లది. ఇవతల హారన్లు, దుమ్ము, బేరాలు. అవతల అడుగు పెట్టగానే చెవిలో దూది పెట్టినట్లుంది. మనుషులు రోడ్డు దాటుతుంటే కారు ఆగింది. అది మాకోసమేనని తెలియక మేం ఇద్దరం కూడా ఆగాం. కాసేపు కారు, మేం ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డాం.

తిరుగు ప్రయాణం పారో నుంచి కోల్‌కతాకు విమానంలో. పారో విమానాశ్రయం సుమారు 2200 మీటర్ల ఎత్తున, ఇరుకు లోయలో ఉంటుంది. పగటి వెలుతురులో, కొండలను కళ్లతో చూస్తూ నడపాల్సిందే. అందుకు ప్రత్యేకంగా శిక్షణ పొందిన కొద్దిమంది పైలట్లకే అనుమతి. విమానం కొండ పక్కకు ఒరిగినప్పుడు ఇళ్ల కిటికీల చెక్కడాలు కూడా కనిపించాయి. మావారు నా చెయ్యి పట్టుకున్నారు. ప్రేమతో కాదని ఆయనే చెప్పారు.

ఏ నెలలో వెళ్తే మంచిది?

మార్చి నుంచి మే వరకు, లేదా సెప్టెంబరు చివరి నుంచి నవంబరు వరకు. వానాకాలం వద్దు, కొండచరియలు విరిగి రోడ్లు మూసుకుపోతాయి. ఎండల నుంచి పారిపోవాలంటే మే, మంచు శిఖరాలు తేటగా కనిపించాలంటే అక్టోబరు, నవంబరు. అక్టోబరులో ఇంకో లాభం ఉంది. పారో లోయలో వరి కోతకు వచ్చి ఉంటుంది, ఇళ్ల రేకుల కప్పుల మీద ఎర్ర మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. మిరపకాయలు ఆరబెట్టడం మనకు కొత్త కాదు గానీ, వెనక పైన్ అడవి, దాని వెనక మంచుకొండ పెట్టుకుని ఆరబెట్టడం కొత్త.

ఎత్తుకు ఆయాసం రాదా? మాకు బీపీ, షుగర్ ఉన్నాయి.

మా ఇద్దరికీ కలిపి రెండూ ఉన్నాయి. ముందు మీ డాక్టరును అడగండి, ఈ కాగితం డాక్టరు కాదు. మా అనుభవం మాత్రం చెప్తాను. నల్గొండ ఎత్తైన చోట లేదు. ఫుంట్‌షోలింగ్ కూడా ఎత్తైనదేమీ కాదు. అక్కడి నుంచి ఒక్క పూటలో 2300 మీటర్ల పైనున్న రాజధాని థింపూ చేరతాం. మొదటి రాత్రి నిద్ర సరిగా పట్టలేదు, అంతే. దోచులా కనుమ దగ్గర, 3100 మీటర్ల ఎత్తున, 108 చోర్టెన్ల (చిన్న బౌద్ధ స్తూపాల) చుట్టూ తిరుగుతుంటే కాస్త తల తేలిపోయినట్లు అనిపించింది. కార్లు వెళ్లే కనుమల్లో చెలేలా ఇంకా ఎత్తు, 3988 మీటర్లు. అక్కడ పావుగంట చూసి దిగిపోయాం. తొందరపడకపోవడం, నీళ్లు తాగుతూ ఉండడం, మొదటి రోజు ఏ కొండా ఎక్కకపోవడం, ఈ మూడూ పాటించాం.

ఎత్తుకంటే మలుపులే ఎక్కువ బాధపెట్టాయి. కారు ప్రయాణంలో కడుపు తిప్పేవాళ్లు ముందు సీటు దక్కించుకోండి, అల్లం మురబ్బా చేతికి అందేటట్లు పెట్టుకోండి.

తిండి ఎలా? అన్నం దొరుకుతుందా?

అన్నం దొరుకుతుంది, అదీ ఎర్రన్నం. పారోలో పండే బియ్యం, వండితే లేత గులాబీ రంగు, కొంచెం జిగురు. ఇక కూర సంగతి. వాళ్ల ముఖ్యమైన వంటకం ఎమా దాట్షి. ఎమా అంటే మిరపకాయ, దాట్షి అంటే జున్నులాంటి చీజ్. మనకు మిరపకాయ తాలింపులో, పచ్చడిలో, నంజుకునే బజ్జీలో వస్తుంది. వాళ్లకు మిరపకాయే కూరగాయ. వంకాయ కూరలో వంకాయ ముక్కలున్నట్లు, గిన్నె నిండా నిలువుగా చీల్చిన మిరపకాయలు, వాటి చుట్టూ కరిగిన చీజ్.

హోటలు అమ్మాయి మావారిని చూసి, ‘కారం తగ్గించమంటారా?’ అని అడిగింది. నల్గొండ మనిషిని పట్టుకుని ఆ మాట అనవచ్చా? ఆయన తల అడ్డంగా ఊపారు. మూడో ముద్దకు చెవుల దాకా ఎర్రబడ్డారు, నాలుగో ముద్దకు నీళ్లు తాగారు. అయిదో ముద్ద నుంచి మాట్లాడలేదు, కానీ గిన్నె ఖాళీ చేశారు. మర్నాడు పొద్దున ఆయనే నాతో, ‘ఆలుగడ్డది ఏదో ఉందట, అది చెప్పు’ అన్నారు. దాని పేరు కెవా దాట్షి. పుట్టగొడుగులతో చేస్తే శాము దాట్షి. శాకాహారులు ఈ రెంటితో, పప్పుతో వారం హాయిగా గడిపేయవచ్చు. ఎజే అనే మిరపకాయ నూరుడు ఒకటి ఉంటుంది. మన రోటి పచ్చడికి వేలు విడిచిన చుట్టం.

లేనిది పులుపు. మూడో రోజుకు నాలుక చింతపండు కోసం కొట్టుకుంటుంది. నేను పులిహోర పులుసు సీసా, మామిడికాయ తొక్కు, కందిపొడి, సకినాలు పట్టుకెళ్లాను. తొక్కు సీసా మూత సరిగా బిగించనిది ఎవరన్నది ఇప్పటికీ తేలలేదు. మావారి ఉన్ని స్వెటరుకు మాత్రం ఆ వాసన ఇంకా పోలేదు.

సుజా అని వెన్న, ఉప్పు వేసిన టీ ఇస్తారు. టీ అనుకుని తాగితే నచ్చదు. పలచటి చారు అనుకుని తాగండి.

డబ్బు, ఫోను, గడియారం?

వాళ్ల డబ్బు పేరు ఎంగుల్ట్రమ్. ఒక రూపాయికి ఒక ఎంగుల్ట్రమ్, లెక్కల గొడవ లేదు. మన నోట్లు తీసుకుంటారు, చిన్న నోట్లు ఎక్కువ ఉంచుకోండి. 2021 నుంచి మన యూపీఐ కూడా అక్కడ పనిచేస్తుంది, కానీ ప్రతి కొట్టులో కాదు. మిగిలిన ఎంగుల్ట్రమ్‌లు నల్గొండకు తెస్తే ఆల్బమ్‌లో పెట్టుకోవడానికే. సిమ్ అక్కడే కొనండి. గడియారం అరగంట ముందుకు తిప్పుకోవాలి. మావారు తిప్పలేదు, ఆరు రోజులూ అరగంట కలిపి చెప్పారు.

భాష తెలియకపోతే ఇబ్బంది కాదా?

కాదు. బడులన్నీ ఇంగ్లిషు మాధ్యమమే, హిందీ చాలామందికి వస్తుంది. వాళ్ల భాష జోంఖా. ‘కుజూజంగ్‌పో లా’ అంటే నమస్కారం, ‘కద్రించే లా’ అంటే ధన్యవాదాలు. చివర వచ్చే ‘లా’ మన ‘అండీ’ లాంటిది, మర్యాద. గైడు అమ్మాయి ఇంగ్లిషులో మాట్లాడుతున్నప్పుడు కూడా ‘యెస్ లా’, ‘నో లా’ అనేది. రెండో రోజుకు మావారు నన్ను కూడా ‘టీ కావాలా లా?’ అని అడగడం మొదలుపెట్టారు. ఇంటికి వచ్చాక ‘లా’ పోయింది, టీ అడగడమూ పోయింది.

టైగర్స్ నెస్ట్ ఇద్దరూ ఎక్కారా?

అందరూ ముందు అడిగేది ఇదే. లేదు. నేనొక్కదాన్నే వెళ్లాను.

టైగర్స్ నెస్ట్ అసలు పేరు పారో తాక్త్సంగ్, అంటే పులి గుహ. గురు పద్మసంభవుడు ఆడపులి మీద ఎగిరి వచ్చి ఆ గుహలో తపస్సు చేశాడని వాళ్ల నమ్మకం. 1692లో అక్కడ మఠం కట్టారు. 1998లో కాలిపోతే మళ్లీ పాత రూపంలోనే నిలబెట్టారు. సముద్ర మట్టానికి 3120 మీటర్లు, కింది లోయ నుంచి చూస్తే సుమారు 900 మీటర్ల ఎత్తు. గోడకు అంటించిన క్యాలెండర్‌లా నిటారు బండకు అతుక్కుని ఉంటుంది.

మూడు నెలలు ముందు నుంచి వారానికి రెండుసార్లు లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కి దిగాం. నాకు సరిపోయింది. మావారు మర్రిగూడ మండలంలో పుట్టిన మనిషి. మిషన్ భగీరథ నీళ్లు రావడానికి చాలా ముందు, చిన్నప్పుడంతా అక్కడి బావి నీళ్లు తాగారు. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుండేదో, అది ఎముకలను ఏం చేస్తుందో మన జిల్లావాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఆయనది తీవ్రమైనదేమీ కాదు, కీళ్లు బిగుసుకుంటాయంతే. సగం దారి దాకా గుర్రాలున్నాయి. ‘పెళ్లిలోనే ఎక్కలేదు, ఇప్పుడు ఊరేగింపా?’ అన్నారు. కర్ర పట్టుకుని, దారిలో పైన్ చెట్లన్నిటికీ ఒకసారి ఆనుకుని, సగం దారిలో ఉన్న టీ హోటలు దాకా వచ్చారు. బల్ల మీద కూర్చుని కాలు చాపితే మోకాలు మళ్లీ ముడుచుకోలేదు.

‘నువ్వు వెళ్లిరా’ అన్నారు.

పుట్టింటికి తప్ప ఈ మాట ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. గైడు అమ్మాయితో నేను బయలుదేరాను. అక్కడి నుంచి ఇంకో గంట నడక, తర్వాత మెట్లు. ముందు లోయలోకి దిగాలి, జలపాతం పక్కనున్న చిన్న వంతెన దాటాలి, మళ్లీ ఎక్కాలి. దిగేవీ ఎక్కేవీ కలిపి ఏడెనిమిది వందల మెట్లుంటాయి. వంతెన మీద రంగు జెండాలు గాలికి కొట్టుకుంటూ, జలపాతం తుంపర ముఖాన పడుతుంటే, వెనక్కి తిరిగి ‘చూశారా’ అన్నాను. ఎవరూ లేరు.

ద్వారం దగ్గర ఫోన్లు, సంచులు పెట్టేయాలి. లోపల ఫొటోలు తీయనివ్వరు. చెప్పులు లేని కాళ్లకు చెక్క నేల మంచుగడ్డలా తగిలింది. వెన్న దీపాల వాసన మన గుడిలో ఆవునెయ్యి దీపం వాసనకు దగ్గరగా ఉంటుంది, కాస్త బరువు ఎక్కువ. గుహ ముందు నిలబడి ఏం మొక్కుకున్నారని అడిగేవాళ్లకు జవాబు: ఆయన మోకాలు.

మూడు గంటల తర్వాత వెనక్కి వచ్చేసరికి ఆయన అదే బల్ల దగ్గర ఉన్నారు, ముందు నాలుగు ఖాళీ కప్పులు. దిగివచ్చే ప్రతి భారతీయుణ్ని ఆపి, ఆకుపచ్చ చున్నీ వేసుకున్న ఆవిడ కనిపించిందా అని అడిగారట. ఆ టీ హోటలు అరుగు నుంచి ఎదురుగా మఠం కనిపిస్తుంది. మెట్ల మీద ఒక ఆకుపచ్చ చుక్క దిగడం, ఒకచోట ఆగడం, మళ్లీ ఎక్కడం తాను చూశానంటారు. ఆ చుక్క నేనేనని ఆయన వాదన. ఆ దూరం నుంచి మనిషికీ మేకకూ తేడా తెలియదు. నేను కాదనలేదు.

మీ విషయానికొస్తే, మోకాళ్లు బాగుంటే వెళ్లండి. బాగలేకపోతే టీ హోటలు దాకా వెళ్లండి, అక్కడి నుంచి చూసినా అది సగం దర్శనం కాదు. గుర్రం దిగేటప్పుడు ఉండదు, ఎక్కేటప్పుడు మాత్రమే.

మీరు అక్కడ నాగార్జునుణ్ని చూశారని మావాళ్లు చెప్పారు. నిజమా?

గోడ మీద చూశాం. ఒక గుడిలో బౌద్ధ గురువుల వరస చిత్రించి ఉంది. ఒకాయన తల వెనక పాము పడగలు. గైడు అమ్మాయి ‘లుద్రుప్’ అంది. లు అంటే నాగులు. ‘భారతదేశం నుంచి వచ్చిన మహా గురువు, నాగార్జున’ అని వివరించింది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆయన శ్రీపర్వతం మీద చివరి రోజులు గడిపాడని బౌద్ధ సంప్రదాయం. ఆ శ్రీపర్వతం మన నాగార్జునకొండేనని చాలామంది అంటారు. దాని లోయలో ఉన్న ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఈ రోజు మన సాగర్ జలాశయం కింద ఉంది. మునిగేలోపు 1954 నుంచి 1960 దాకా తవ్వి తీసినవి నాగార్జునకొండ దీవి మీద పెట్టారు.

మావారు అమ్మాయితో, ‘ఆ ఊళ్లోనే నేను ముప్పై ఏళ్లు ఉద్యోగం చేశాను’ అన్నారు. ఆ అమ్మాయి మొదట నమ్మలేదు. తర్వాత ఆ బొమ్మకు దండం పెట్టి, అదే ఊపులో మావారికి కూడా పెట్టింది. ఆ రోజంతా ఆయన నడక మారిపోయింది.

మీవారికి అన్నిటికన్నా ఏది నచ్చింది?

ఛూఖా. ఫుంట్‌షోలింగ్ నుంచి థింపూ వెళ్లే దారిలో ఉన్న జలవిద్యుత్ కేంద్రం, 336 మెగావాట్లు, భారతదేశం సాయంతో కట్టినది. సాగర్ ప్రధాన కేంద్రం స్థాపిత సామర్థ్యం 815.6 మెగావాట్లు. కానీ సాగర్‌లో ఎత్తు కోసం మనం అంత ఆనకట్ట కట్టి నీళ్లు నిలపాలి. వాళ్లకు కొండే ఎత్తు ఇస్తుంది, సొరంగంలోకి నదిని మళ్లిస్తే చాలు. వానాకాలంలో మిగిలిన కరెంటు మనకు అమ్ముతారు, చలికాలం నదులు తగ్గితే మన దగ్గర కొంటారు. ఇదంతా ఆయన కారులో నాకు చెప్పారు, తర్వాత డ్రైవరుకు హిందీలో చెప్పారు. డ్రైవరు మర్యాదస్థుడు, తెలిసిన సంగతే అయినా విన్నాడు.

నాకు నచ్చింది పునాఖా. 1638 నాటికి కట్టిన కోట, దాని రెండు పక్కలా రెండు నదులు: పో ఛూ, మో ఛూ. పో అంటే మగ, మో అంటే ఆడ. కలిసే చోట ఒడ్డున కూర్చున్నాం. రెండు నీళ్ల రంగులు కొంత దూరం దాకా వేరుగానే పోతాయి. ‘వాడపల్లి గుర్తొస్తోంది’ అన్నారు మావారు. కృష్ణ, మూసీ కలిసే మన వాడపల్లికి పెళ్లయిన కొత్తలో వెళ్లాం. ‘అప్పుడు నేను చెప్పులు పోగొట్టుకున్నాను, మీరు తిట్టారు’ అన్నాను. ఆ సంగతి ఆయనకు గుర్తు లేదట. చెప్పుల రంగుతో సహా నాకు గుర్తుంది.

ఇళ్ల గోడల మీద ఏవో బొమ్మలుంటాయట కదా?

ఉంటాయి. పునాఖా దగ్గర చిమీ లాఖాంగ్ గుడి చుట్టుపక్కల ఎక్కువ. చెడు దృష్టి తగలకుండా పురుషాంగం బొమ్మలు వేస్తారు. ఆ గుడికి సంతానం కోరుకునే జంటలు వెళ్తారు. దిష్టికి మనం గుమ్మడికాయ కట్టినట్లే అనుకోండి. మేమిద్దరం ఆ వీధిలో పావుగంటసేపు మొక్కజొన్న చేలను చాలా శ్రద్ధగా పరిశీలించాం.

బట్టల విషయంలో నియమాలు?

కోటల్లో, గుళ్లలో భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, టోపీ తీసేయాలి. చీరకు అభ్యంతరం లేదు, చలికి మాత్రం అది చాలదు. ప్రదక్షిణ మనలాగే, కుడిచేతి వైపు దేవుణ్ని ఉంచుకుని.

వారం రోజులు ఇద్దరే ఉంటే గొడవలు రాలేదా?

వచ్చాయి. మొదటి రోజు సామాను గురించి, రెండో రోజు రూము హీటరు గురించి, మూడో రోజు ఆయన నాకంటే పది అడుగులు ముందు నడవడం గురించి. అది పాత గొడవ, అంగడికి వెళ్లినా అదే. తాక్త్సంగ్ తర్వాత కాలు నొప్పి వల్ల ఆయన వెనక పడ్డారు, నేను ముందు నడిచాను. ఎవరో వెనక నుంచి పిలుస్తూ ఉంటే ఎంత చిరాకో నాకప్పుడు తెలిసింది.

అక్కడి నుంచి ఏం తెచ్చారు?

పిల్లలకు రెండు ఉన్ని శాలువాలు, దేవుడి గదికి తిప్పుతూ ప్రార్థించే చిన్న మణి చక్రం, రెండు కిలోల ఎర్ర బియ్యం. మిర్యాలగూడలో రైస్ మిల్లున్న మా మరిదికి ఆ బియ్యం చూపించాం. గుప్పెడు తీసుకుని అరచేతిలో రుద్ది, వెలుతురుకు పట్టి చూసి, ‘సగం పాలిషే పట్టారు, వదినా. మన దగ్గర ఇలా అమ్మితే తిప్పి పంపుతారు’ అన్నాడు. కిలోన్నర వండుకున్నాం. మిగిలిన అరకిలో గాజు సీసాలో ఉంది. వచ్చినవాళ్లకు చూపించాలంటూ మావారు దాన్ని వండనివ్వడం లేదు.